జయరావు గ్రీజు పెట్టిన అతుకు

కిరందుల్ నుంచి తర్రెం ఎంత దూరమో మ్యాపులో చూసినవాళ్ళు పెదవి విరుస్తారు. ఇదీ ఒక దూరమేనా అంటారు. మధ్యలో బైలాడిల్లా కొండ, దాని వెనక అడవి, అంతే. కాకికైతే పూట పని. మనిషి మాత్రం దంతెవాడ దాకా వెనక్కి వచ్చి, గీదం మీదుగా బీజాపూర్ చేరి, అక్కణ్ణుంచి ఆవపల్లి, బాసగూడ దాటి మళ్ళీ అదే కొండ వైపు తిరిగి రావాలి. పొద్దున మొదటి బస్సు పట్టుకున్నవాడు పొద్దుగూకే వేళకు చేరితే అదృష్టం. ఆ కొండకు ఇటు పక్క మా జయరావు ఉంటాడు. అటు పక్క అతని భార్య సోమి ఉంటుంది. ఇద్దరివీ సర్కారు ఉద్యోగాలు. వాళ్ళకొచ్చిన కష్టమల్లా అదే.

నా పేరు కాశయ్య. కిరందుల్ రైల్వే కాలనీ గేటుకు ఎదురుగా టిఫిన్ హోటలు నాది. మా వాళ్ళది సాలూరు పక్క. నాకు కోపం జాస్తి అని కాలనీలో అందరూ అంటారు, నేను కాదనను. ఈ సంగతి చెబుతున్నప్పుడు కూడా అక్కడక్కడ వస్తుంది. వచ్చినప్పుడు కాసేపు ఓర్చుకోండి.

జయరావు కీమ్యాన్. రైలు పట్టాల వెంట నడిచి చూసే ఉద్యోగం. భుజాన సుత్తి, చేతిలో పానా, సంచిలో ఎర్రజెండా పచ్చజెండా పెట్టుకుని తన వంతు లైను మొత్తం రోజూ నడవాలి. వదులైన బోల్టు కనిపిస్తే బిగించాలి, ఊడిన క్లిప్పు కనిపిస్తే కొట్టి కూర్చోబెట్టాలి. ఇనుపరాయి నింపుకున్న గూడ్సుబళ్ళు రాత్రనక పగలనక విశాఖపట్నం వైపు దిగుతూనే ఉంటాయి. ఆ బరువుకు పట్టాలు ఉన్నచోట ఉండవు. వాళ్ళ నాన్న బొబ్బిలి నుంచి గ్యాంగుమనిషిగా ఈ లైనుకు వచ్చాడు, జయరావు బచేలీలో పుట్టాడు. పనిలో మిగతా కీమ్యాన్‌ల కంటే గొప్పవాడేమీ కాదు. ఒక్కటే తేడా, అతను పట్టాలతో మాట్లాడతాడు. "ఏటమ్మా, మళ్ళీ ఒదులైపోనావు" అని బోల్టును పలకరించి మరీ బిగిస్తాడు. మా హోటల్లో కూర్చున్నవాళ్ళు అతన్ని దూరం నుంచి చూసి నవ్వుకునేవారు.

సోమిది తెలంగాణ సరిహద్దులో ఉన్న తర్లగూడ. దొర్ల అనే గిరిజన తెగ పిల్ల. దంతెవాడలో నర్సు చదువు చదువుతూ, కరోనా టీకాల రోజుల్లో మా కాలనీకి డ్యూటీ మీద వచ్చింది. జయరావు సూది చూడగానే కుర్చీలోంచి కిందికి జారిపోయాడు. ఆమె మొహం మీద నీళ్ళు చల్లి, "ఏంది, రైలుకు భయపడని మనిషి సూదికి భయపడుతడా" అంది. కళ్ళు తెరిచినవాడు ఆ మొహాన్ని చూసి మళ్ళీ మామూలు మనిషి కాలేదు. పెళ్ళయింది. జయరావు తల్లి ఎర్రమ్మ కొన్నాళ్ళు మూతి ముడుచుకు కూర్చుంది గానీ, సోమి వచ్చి ఆమె మోకాళ్ళకు నూనె మర్దన చేసి వెళ్ళాక మెత్తబడింది. ఆ తర్వాత కోడలి మీద ఈగ వాలనిచ్చేది కాదు.

పెళ్ళయిన కొద్దికాలానికే సోమికి ఉద్యోగం వచ్చింది. ఎక్కడ? తర్రెంలో. ఏళ్ళ తరబడి ఏ నర్సూ పోని ఊళ్ళు అవి. నక్సలైట్ల గొడవలు కాస్త సద్దుమణిగి, రోడ్డు పడి, చిన్న ఆరోగ్య కేంద్రం తెరిచారు. తెలుగు, హిందీ, గోండీ, దొర్లీ నాలుగూ వచ్చిన మనిషి కావాలన్నారు. సోమికి నాలుగూ వచ్చు. అలా తనకు వచ్చిన భాషలే ఆమెను కొండ అవతలికి తీసుకుపోయాయి.

అప్పటినుంచి ఆ ఇద్దరి కాపురం ఫోనులో. తర్రెంలో సిగ్నల్ ఒక రోజు ఉంటే ఒక రోజు ఉండదు. సిగ్నల్ లేని రోజు జయరావు నా హోటల్లో ఇడ్లీ ముందు పెట్టుకుని అలా కూర్చునేవాడు. నేను తిట్టేవాడిని, చల్లారిపోతుంది తినరా అని. మార్కెట్లోకి మామిడికాయలు వచ్చినా ముట్టేవాడు కాదు. సోమి వాళ్ళలో మామిడి పండుం అని ఒక పండగ ఉంది. ఊరు కూడి దేవతలకు పెట్టేదాకా కొత్త మామిడికాయ నోట పెట్టరు. తర్లగూడలో ఆ పండగ ఎప్పుడు చేస్తే అప్పుడే సోమి తింటుంది, ఆమె తిన్నాకే ఇతను తింటాడు. "నీకేమిట్రా ఆ నియమం" అంటే, "ఒక్కరోజైనా ఇద్దరం ఒకటే తిన్నట్టుంతాది గదా అన్నియ్యా" అన్నాడు.

బదిలీ అడగలేదా అంటారేమో. అడిగీ అడిగీ అరిగిపోయారు. కిరందుల్ రైల్వే ఆసుపత్రిలో నర్సు ఖాళీ ఒకటి ఉంది. ఆమెను కొన్నాళ్ళు ఇక్కడికి ఇవ్వండి అంటే రైల్వే వాళ్ళు, ఆమె రాష్ట్రం మనిషి, రాష్ట్రం వాళ్ళు పంపాలి అంటారు. రాష్ట్రం వాళ్ళను అడిగితే, ముందు రైల్వే వాళ్ళు అడగాలి అంటారు. ఎదురుబొదురు ఇళ్ళలో కూర్చుని, ముందు నువ్వు పలకరించు, కాదు ముందు నువ్వు పలకరించు అనుకునే వియ్యంకుల్లా ఉంది వాళ్ళ వరస. మధ్యలో ఒక మొగుడూ పెళ్ళాం ఎండిపోతున్నారు. వాళ్ళెవరికీ పట్టదు. ఇదిగో, చెప్పానుగా కోపం వస్తుందని.

అలాంటప్పుడు సొరంగంలోకి ఆకాశం వాళ్ళు వచ్చారు.

లైను మలుపు మార్చినప్పుడు వదిలేసిన పాత సొరంగం ఒకటి మా ఊరికి కాస్త దూరంలో ఉంది. గబ్బిలాలు తప్ప ఎవరూ పోరు. పోయినేడు వానలు వెనకబట్టాక రెండు సర్కారు సంస్థల వాళ్ళు జీపుల్లో వచ్చి దాన్ని కడిగించి, తలుపులు పెట్టించారు. ఒక సంస్థ అంతరిక్షం పని చూసేది. రెండోది గనుల లోపల మనిషి దిగలేని చోట పనిచేసే యంత్రాలు తయారుచేసేది. నేను మొదటివాళ్ళను పైవాళ్ళు అనీ, రెండోవాళ్ళను కిందివాళ్ళు అనీ పిలిచేవాడిని. చివరికి వాళ్ళు కూడా అలాగే పిలుచుకోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం భోజనాల ఆర్డరు నాదే కాబట్టి, రోజూ క్యారియర్లు తీసుకుని లోపలికి పోయేవాడిని.

పైవాళ్ళ పెద్ద మీనా మేడమ్. జగ్దల్‌పూర్‌లో పుట్టి పెరిగిన మనిషి, తెలుగు బాగా వచ్చు, మధ్యలో హిందీ దొర్లుతుంది. ఇక్కడ ఏం చేస్తున్నారమ్మా అని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. అంతరిక్షంలో పెద్ద పెద్ద కట్టడాలు కట్టాలట. అంత పెద్దది ఒక రాకెట్‌లో పట్టదు. అందుకని ముక్కలుగా పంపి, అక్కడే ఒకదానికొకటి అతికించాలి. ప్రతి అతుకుకీ మనిషిని పంపలేరు. కాబట్టి యంత్రపు చేతులే వెతుక్కుని, పట్టుకుని, అతికించాలి. ఆ పని ముందు నేల మీద చేసి చూడాలంటే గాలి కదలని, వెలుతురు దూరని, వేడి మారని పొడుగాటి చోటు కావాలి. "ఇంత పొడవు షెడ్డు కట్టాలంటే ఎన్ని ఏళ్ళు పడుతుందో కాశయ్యగారూ. రైల్వే వాళ్ళది ఊరికే పడి ఉంది, అడిగితే దేదియా, ఇచ్చేశారు" అంది. నాకు అక్కడే కడుపు మండింది. సొరంగం అడిగితే ఇచ్చేశారు. మనిషిని అడిగితే ఇవ్వరు.

సొరంగం చూసుకోవడానికి, బరువులు మోయించడానికి, దుమ్ము తుడవడానికి రైల్వే వాళ్ళు ఒక మనిషిని కూడా ఇచ్చారు. అతనే జయరావు.

వెళ్ళిన వారంలోనే అతనికి ఆ పని ప్రాణమైపోయింది. తెల్లటి దూలాలు, నల్లటి దూలాలు సొరంగం పైకప్పు నుంచి సన్నటి తీగలకు వేలాడుతుండేవి, బరువు తెలియకుండా ఉండాలని. ఒక చివర నుంచి పైవాళ్ళ యంత్రపు చెయ్యి, రెండో చివర నుంచి కిందివాళ్ళ యంత్రపు చెయ్యి ఒక్కో దూలాన్నీ అతికించుకుంటూ మధ్యకు రావాలి. ఆఖరి అతుకు నడిమధ్యలో, రెండు చేతులూ కలిసి వెయ్యాలి. జయరావు ఈ సంగతి సోమికి ఫోనులో ఎంత మురిసిపోతూ చెప్పేవాడో. "రెండు పక్కలనుంచీ వొస్తాయే, నడిమిట్ల కలుస్తాయి" అనేవాడు. అటునుంచి ఆమె ఏమనేదో నాకు వినిపించేది కాదు, ఇతని మొహం మాత్రం ఎర్రబడేది.

ఒకరోజు భోజనాల దగ్గర మీనా మేడమ్ మాటల్లో మాటగా నీ భార్య ఎక్కడుంటుంది జయరావ్ అని అడిగింది. అతను నసిగాడు. నేను ఊరుకుంటానా, మొత్తం చెప్పేశాను. ఆమె అన్నం కలుపుతూనే అంది, "రైల్వేతో కలిపి మూడు శాఖలం ఇక్కడ దూలాలు అతికిస్తున్నాం. రెండు శాఖలు కలిసి ఒక మనిషిని కొండ దాటించలేవా? నేను మాట్లాడతాను. ఈ పరీక్ష బాగా జరగనీ, పెద్దవాళ్ళంతా వస్తారు, వాళ్ళ చేతే చెప్పిస్తాను. కాదనరు."

ఆ సాయంత్రం జయరావు నా హోటల్లో కూర్చుని సోమి వస్తే క్వార్టరులో మంచం ఎటు వెయ్యాలో, కిటికీకి ఏ రంగు గుడ్డ కట్టాలో అడిగాడు. నన్నేమిట్రా అడుగుతావు, నాకేం తెలుసు అన్నాను. అయినా నీలం బాగుంటుందని చెప్పాను.

అప్పటినుంచి ఆ పరీక్ష అతని సొంత పరీక్ష అయిపోయింది. దూలాల మీద దుమ్ము పడితే తన మొహం మీద పడ్డట్టు బాధపడేవాడు. నడిమి అతుకును రోజుకొకసారి చూడందే నిద్రపట్టేది కాదు. రిహార్సల్ చేసినప్పుడల్లా ఆ అతుకులోకి అవతలి దూలం చివరనున్న కొక్కెం దూరుతుంటే కీచుమనేది. పొడి ఇనుము పొడి ఇనుమును రాసుకునే చప్పుడు. కీమ్యాన్‌గా పనిచేసినవాడు ఆ చప్పుడు వింటూ కూర్చోలేడు. దానికి తోడు మీనా మేడమ్ ఎవరికో వివరిస్తుంటే ఒక మాట విన్నాడు. అంతరిక్షంలో ఎండ పడే పక్క సలసల కాగుతుందట, నీడ పక్క గడ్డకట్టిపోతుందట, ఎండా నీడా మారి మారి వస్తుంటాయట.

రైలు పట్టాల సంగతి తెలియనివాళ్ళకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. రెండు పట్టాలు కలిసే చోట పక్కన ఇనుప పలకలు వేసి బోల్టులు బిగిస్తారు. ఎండకు పట్టా సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని ఎండలు ముదరకముందే ఆ పలకలు విప్పి, తుడిచి, గ్రీజు పూసి మళ్ళీ బిగించాలి. గ్రీజు లేకపోతే అతుకు పట్టేసి, పట్టా సాగే దారి లేక మెలి తిరుగుతుంది, బండి పడిపోతుంది. జయరావు వాళ్ళ నాన్న చేసిందీ అదే, జయరావు చేసిందీ అదే. ఎండలు రాబోతుంటే పొడి అతుకును అలా వదిలెయ్యడం వాళ్ళ లెక్కలో మహాపాపం.

పెద్దవాళ్ళు వచ్చేది మర్నాడనగా, సాయంత్రం అందరూ టీకి బయటికి వెళ్ళినప్పుడు, జయరావు తన సంచిలోంచి గ్రీజు డబ్బా తీశాడు. వేలితో కాస్తంత తీసుకుని నడిమి అతుకు లోపల పూశాడు. దుమ్ము పట్టకుండా పైపైన గుడ్డతో శుభ్రంగా తుడిచాడు. "ఇంక ఏడవకమ్మా" అని చెప్పి వచ్చాడు.

మర్నాడు ఢిల్లీ నుంచీ, ఇంకెక్కణ్ణుంచో కూడా పెద్దవాళ్ళు వచ్చారు. నేను ఉప్మా, వడ, కేసరి పంపాను. అంతా సవ్యంగానే మొదలైంది. ఒక్కో దూలమూ అతుక్కుంటూ రెండు చేతులూ మధ్యకు వచ్చాయి. ఆఖరి అతుకులోకి కొక్కెం మెత్తగా, చప్పుడు లేకుండా దూరింది. జయరావు గర్వంగా నా వైపు చూశాడు. తర్వాత చేతులు దూలాలను వదిలాయి. వదలగానే కొక్కెం మెల్లగా, అందరూ చూస్తుండగానే, వెనక్కి జారిపోయింది. దూలాలు రెండూ ఊగి విడిపోయాయి. పెద్దవాళ్ళు కేసరి తినకుండానే వెళ్ళిపోయారు.

ఆ తర్వాతి వారం నాకు రెండు క్యారియర్లు వేరువేరుగా కట్టమని చెప్పారు. పైవాళ్ళు ఒక చోట తినేవారు, కిందివాళ్ళు ఇంకో చోట. మీ చెయ్యి సరిగా నొక్కలేదు అని పైవాళ్ళు, మీ అతుకే తప్పు అని కిందివాళ్ళు. కిందివాళ్ళ పెద్ద సుమన్ సార్ నెమ్మదైన మనిషి, ఆయన కూడా గొంతు పెంచాడు. అతుకును విప్పి చూద్దామంటే ఎవరి మనుషులు విప్పాలన్న దగ్గర తగాదా వచ్చి, దానికి ముద్ర వేసి పెట్టేశారు. ఇంక ఎవరి పని వాళ్ళు విడిగా చేసుకుంటాం, ఈ పొత్తు వద్దు అని పైకి చెప్పేదాకా వచ్చింది.

జయరావు అన్నం మానేశాడు. మూడో నాడో నాలుగో నాడో హోటలు వెనక అంట్లు తోమే చోటికి నన్ను పిలిచాడు.

"అన్నియ్యా, జారిపోనాది అంతన్నారు గదా. అది నా వల్లే. నాను గ్రీజు పెట్టినాను."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అటూ ఇటూ చూసి అడిగాను. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు. నోరు మూసుకో. వాళ్ళు పెద్ద చదువులు చదివినవాళ్ళు, వాళ్ళే తేల్చుకుంటారు. నువ్వు చెప్పావంటే నీ బదిలీ సంగతి గంగలో కలుస్తుంది. సోమి ఇంక జన్మలో రాదు."

"తెలుసన్నియ్యా. అందుకే నిద్ర పట్టట్లేదు. గాని ఆళ్ళిద్దరూ ఇడిపోతన్నారు. మంచిగుండీవోరు. నా వేలు మూలాన ఇడిపోతన్నారు."

"విడిపోతే పోనీ. వాళ్ళు కలిసి ఉన్నప్పుడు నిన్నూ నీ పెళ్ళాన్నీ కలిపారా?"

నేను ఇచ్చిన సలహా తప్పని ఈరోజుకీ అనుకోను. మన మనిషి బాగుండాలనే ఎవరైనా చెబుతారు. అతను మాత్రం కాసేపు పంపు దగ్గర కూర్చుని, చేతులు కడిగిందే కడిగి లేచి వెళ్ళాడు. తిన్నగా సొరంగానికి.

మీనా మేడమ్ కేకలు వెయ్యలేదట. ఎందుకు పెట్టావు అని ఒక్కటే అడిగిందట. "అతుకు ఏడుస్తంటే సూడలేకపోనాను మేడమ్. ఎండకి సాగితే పట్టేస్తాదని బయమేసింది" అని చెప్పాడు. ఆ దూలాలు ఎండకు సాగని సరుకుతో చేశారట. ఆ అతుకు వెంట్రుకవాసి కూడా కదలకూడదట, పొడి పట్టు మీదే నిలబడాలట. పైగా గాలి లేని చోట గ్రీజు ఆవిరై కెమెరాల అద్దాలన్నీ కమ్మేస్తుందట. ఇవన్నీ ఆమె నెమ్మదిగా చెప్పింది. చివరికి, "నీ భార్య విషయం పరీక్షకు ముందే ఆరోగ్యశాఖ వాళ్ళతో ఒకసారి మాట్లాడాను జయరావ్. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని రెండోసారి మాట్లాడను? నిన్ను ఇక్కడ ఉంచుకోవడం కూడా నా చేతిలో లేదు" అంది. అతను తల ఊపి, తాళాలు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. మర్నాటి నుంచి మళ్ళీ లైను మీద సుత్తి.

ఆ మధ్యాహ్నం నుంచే రెండు క్యారియర్లు పోయి ఒకే క్యారియరు అయింది.

అతుకులన్నీ కడిగి ఆరబెట్టి, మళ్ళీ పరీక్ష పెట్టడానికి ఎండలు ముదిరిపోయాయి. ఈసారి పెద్దవాళ్ళెవరినీ పిలవలేదు. నేను భోజనాలతో వెళ్ళేసరికి మొదలైపోయింది. మీనా మేడమ్ నోటి మీద వేలు పెట్టి, నన్ను గోడవారన నిలబడమంది. సొరంగమంతా చీకటి. ఒక పక్కనుంచి మాత్రం పెద్ద దీపం, అది సూర్యుడట. ఆ వెలుతురులో రెండు చేతులూ రెండు వైపుల నుంచీ ఎంత నెమ్మదిగా వచ్చాయంటే, వస్తున్నాయో ఆగాయో తెలియలేదు. నడిమిలో ఒకదాన్నొకటి తడుముకున్నట్టు కాసేపు ఆగాయి. తర్వాత కీచుమని ఒక చప్పుడు, ఆ వెంటనే టక్కుమని ఇంకో చప్పుడు. చేతులు వదిలేశాయి. దూలం కదల్లేదు. ఒక చివర నుంచి ఇంకో చివర దాకా ఒకటే దూలం. సుమన్ సారూ మీనా మేడమూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని చిన్నపిల్లల్లా నిలబడిపోయారు. నాకు మాత్రం ఆ టక్కుమన్న చప్పుడు జయరావు వినాల్సింది కదా అనిపించింది. క్యారియరు అక్కడే పెట్టేసి, ఏడుపు వచ్చి బయటికి వచ్చేశాను.

సోమికి అతను ఈ సంగతేదీ ఫోనులో చెప్పలేదు. క్వార్టరుకు కిటికీ గుడ్డ కొన్నానని చెప్పినవాడు ఇదెలా చెబుతాడు? సెలవు దొరికేదాకా ఆగి, బస్సెక్కి తర్రెం వెళ్ళాడు. అక్కడ జరిగింది తర్వాత అతను నాకు చెప్పిందే.

చేరేసరికి పొద్దుగూకుతోంది. సోమి ఆరోగ్య కేంద్రం అరుగు మీద కూర్చుని ఒక ముసలామెకు మందు ఎలా వేసుకోవాలో గోండీలో చెబుతోంది. ముసలామె వెళ్ళాక ఇతను సంచి కూడా దించకుండా, "సోమీ, పని సెడగొట్టుకున్నాను. నువ్వు ఇంక కిరందుల్ రావు" అని మొత్తం చెప్పేశాడు. ఆమె అంతా విని, కాళ్ళు కడుక్కోమని నీళ్ళు తెచ్చింది. తిట్టదేమిటని ఇతను భయపడ్డాడు.

మర్నాడు పొద్దున టీ కాస్తూ, అతని వైపు తిరగకుండా సోమి అంది:

"నన్ను అడిగిన్రు."

"ఏటడిగినారు?"

"బ్లాకు డాక్టరు సారు. మీ మేడమ్ మాట్లాడింది కదా, అప్పుడే. కిరందుల్ రైల్వే ఆసుపత్రికి పోతవా సోమీ, పోతనంటే మేం అడ్డం చెప్పం అన్నడు. నేను ఇప్పుడు పోనన్న."

జయరావు లేచి పొయ్యి దగ్గరికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇక్కడికి ఇంకో మనిషి వస్తేనే పోత అన్న. ఇక్కడి మాట వచ్చిన మనిషి. ఎవలు రారంట. నేను పోతే వీళ్ళు మళ్ళ కానుపులకు ఎడ్లబండ్ల మీద, మంచాల మీద పోవాలె. నువ్వు ఫోన్ల గుడ్డ కొన్న, మంచం ఇటేసిన అని చెప్తుంటే నా నోరు రాలే. నువ్వు నిన్న పని చెడగొట్టిన అంటే..." ఆమె పొయ్యి మీది టీ దించింది. "నాకు పానం తేలికైంది. అట్ల తేలికైనందుకు రాత్రంతా ఏడ్చిన. నువ్వు పండుకున్నవ్."

"నీకు రావాలని లేదా సోమీ?"

"ఉంది. రోజూ ఉంది. అన్నం తింటుంటే ఉంది, సూది ఏస్తుంటే ఉంది. నాకు లేదనుకుంటున్నవా?"

అతను ఏదో అనబోతుండగా వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. అడవి లోపలి ఊరి నుంచి లక్కే అనే అమ్మాయిని నొప్పులతో తీసుకొచ్చారు. సోమి లేచి చేతులు కడుక్కుంది. అంతే, తలుపు పడింది. జయరావు అన్నం వండాడు, పప్పు చేశాడు, నీళ్ళు తోడాడు, వచ్చినవాళ్ళకు టీ పోశాడు. లోపలి నుంచి సోమి గొంతు వినబడుతూనే ఉంది, కాసేపు గోండీలో బతిమాలుతూ, కాసేపు కసురుతూ. అలా వింటూ కూర్చుంటే తనకు ఒక సంగతి తెలిసిందన్నాడు. ఫోనులో ఆ గొంతు ఎప్పుడూ తనకోసం మెత్తగా చేసుకున్న గొంతేనట. అసలు గొంతు ఇదట.

పొద్దు నడినెత్తి దాటాక పిల్ల పుట్టింది. సోమి బయటికి వచ్చి, అతను వడ్డించిన అన్నం నాలుగు ముద్దలు తింది. ఐదో ముద్ద చేతిలో ఉండగానే గోడకు ఆనుకుని నిద్రపోయింది. అతను ఆ చెయ్యి తడిగుడ్డతో తుడిచి, తల తన ఒళ్ళోకి జరుపుకున్నాడు.

వెనక్కి పోయే బస్సు ఒకటే. మర్నాడు పొద్దున డ్యూటీ ఎక్కాలంటే అదే ఎక్కి, రాత్రికి రాత్రి ప్రయాణం చెయ్యాలి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి జయరావు చెప్పాపెట్టకుండా ఒక్క రోజూ లైను మానలేదు. జ్వరంతో కూడా నడిచాడు. బస్సు వచ్చి ఆరోగ్య కేంద్రం ముందు ఆగింది. డ్రైవరు అతన్ని ఎరుగును కాబట్టి హారను కొట్టాడు. జయరావు వద్దని చెయ్యి ఊపాడు. మళ్ళీ కొట్టబోతే, కొట్టొద్దని రెండు చేతులూ జోడించాడు. బస్సు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హోటల్లో రద్దీగా ఉన్నప్పుడు నాకు ఫోను వచ్చింది.

"అన్నియ్యా, నాను రేపు డ్యూటీకి రాను. ఆఫీసులో సెప్పీ."

"బస్సు దొరకలేదా?"

"దొరికింది."

"మరి ఎక్కలేదేం?"

"తను పడుకుంది అన్నియ్యా. నా ఒళ్ళో పడుకుంది. ఇంకా లెగలేదు."

అంత మెల్లగా ఎందుకు మాట్లాడుతున్నాడో అప్పుడు తెలిసింది. ఆఫీసులో నేను చెప్పుకుంటానులే అని, నేను కూడా గొంతు తగ్గించే చెప్పి, ఫోను పెట్టేశాను.